హెచ్ నైన్ ఖాళీ లేదు

గంగాప్రసాద్ బస్సులోనే చనిపోయాడు.

అవనిగడ్డలో ఎక్కినప్పుడు శుభ్రంగా ఉన్నాడు. చల్లపల్లిలో బస్సు ఆగితే దిగి టీ తాగాడు, పక్క సీట్లో ఉన్న ఉషశ్రీకి కూడా ఒక కప్పు తెచ్చి ఇచ్చాడు. ఉయ్యూరు దాటాక కిటికీకి తల ఆనించి కళ్లు మూశాడు. రాత్రంతా పడవ మీద ఉన్న మనిషి కదా, పాపం నిద్రపోతున్నాడులే అనుకుంది ఉషశ్రీ. విజయవాడలో అందరూ దిగిపోయాక భుజం తట్టింది. అతను ముందు సీటు మీదికి ఒరిగిపోయాడు.

చూసిన డాక్టరు గుండెపోటన్నాడు. పోస్ట్‌మార్టం మాత్రం వేరే కథ చెప్పింది. నడుము దగ్గర సూది గుచ్చిన గుర్తు, ఒంట్లో విషం. సీటు విప్పి చూస్తే వీపు ఆనే మెత్తలో చిన్న ఇనప పెట్టె, దానికో స్ప్రింగు. దూరం నుంచి ఎవరో బటన్ నొక్కారు, సూది బయటికొచ్చి పని చూసుకుని లోపలికి పోయింది.

అప్పటినుంచి ఉషశ్రీ ఎక్కడ కూర్చోవాల్సి వచ్చినా ముందు సీటు తడిమి చూస్తోంది.

ఉషశ్రీ చేసే ఉద్యోగం ఏమిటో కట్టుకున్నవాడికి కూడా తెలియదు. ఇన్సూరెన్స్ అనుకుంటాడు. నిజానికి ఆమె కోస్టల్ డెస్క్ ఏజెంట్. సముద్రం వైపు నుంచి దేశంలోకి చొరబడేవాళ్ల పని పట్టే చిన్న రహస్య విభాగం అది. దాని ఆఫీసు వన్ టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు వెనక ఉంది. ఆ మధ్యాహ్నం తోపుడుబళ్లనీ ఆటోలనీ తప్పించుకుంటూ ఆమె కొట్టు దగ్గరికి చేరింది.

"మూత లేని గిన్నె కావాలండీ," అంది.

"మూత కొనుక్కోండి, గిన్నె ఊరికే ఇస్తాం," అన్నాడు కౌంటర్లో మనిషి, తలెత్తకుండానే. పక్కనున్న బిందెల వరస జరిపి దారి ఇచ్చాడు.

లోపల చీఫ్ వెంకటకృష్ణారావు ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నారు. ఎదుటి కుర్చీ చూపించారు. ఉషశ్రీ దాని వీపు నొక్కి చూసింది.

"అది నా కుర్చీ అమ్మా. నేను కొన్నదే."

"అలవాటైపోయింది సర్."

చీఫ్ నవ్వలేదు. "డైరెక్టర్ ఊళ్లోకి వచ్చాడు," అన్నారు.

డైరెక్టర్ అంటే ఆ విదేశీ ముఠా నాయకుడు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య పాయల్లోంచి పడవల మీద మనుషుల్ని దించుతున్నది వాడే. వాడి అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలుగు మనకంటే శుభ్రంగా మాట్లాడతాడని మాత్రం వినికిడి. ఒక తెల్లవారుజామున వాణ్ణి పడవలో ఒడ్డుకు తెచ్చింది గంగాప్రసాదూ, వాడి అన్న పెద్దబ్బాయీ. తెచ్చింది ఎవరినో తెలిశాక అన్నదమ్ములిద్దరూ తమంతట తామే వచ్చి చెప్పారు. అందుకే తమ్ముడు పోయాడు. ఇప్పుడు డైరెక్టర్ ముఖం చూసినవాడు ఈ భూమ్మీద పెద్దబ్బాయి ఒక్కడే.

"రేపు మ్యాటినీకి వాడు సినిమాకి వస్తున్నాడు. సుస్మిత దగ్గర మన తీరంలోని రాడార్ల వివరాలు తీసుకోవడానికి. ఆమె లిప్‌స్టిక్‌లో పెట్టి ఇచ్చేవి మనం తయారుచేసిన దొంగ వివరాలే. పెద్దబ్బాయి హాల్లో కూర్చుని వాణ్ణి గుర్తుపట్టి నీకు చూపించాలి. అంతే."

"సుస్మిత మన మనిషేనా సర్?"

సుస్మిత పెద్ద పెద్ద ఈవెంట్లు నడిపే మనిషి. ఆమె నడిచొస్తుంటే లిఫ్టు ఆపి మరీ చూస్తారు. ఒకప్పుడు ముఠాకి పనిచేసింది. ఈమధ్యే మనసు మారిందని కోస్టల్ డెస్క్ తలుపు తట్టింది.

"మన మనిషై వాళ్ల దగ్గర నటిస్తోందో, వాళ్ల మనిషై మన దగ్గర నటిస్తోందో... అది తెలిస్తే నేను హాయిగా రిటైరై కూర్చుందును. నమ్మొద్దు. టికెట్లు కూడా ఆమే బుక్ చేసింది, అదొకటి గుర్తుపెట్టుకో."

"ఏం సినిమా సర్?"

"ఏదో మంచుదేశం సినిమా. పేరు నాకు నోరు తిరగడం లేదు. హారరట."

ఉషశ్రీ ముఖం పాలిపోయింది. ఎదురుగా తుపాకీ పెట్టినా రెప్ప వేయని మనిషి ఆమె. కానీ దెయ్యం సినిమా అంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఒకటి చూసి నెల్లాళ్లు లైటు ఆర్పనివ్వలేదు.

"వేరే సినిమా ఏదీ లేదా సర్?"

"డైరెక్టర్‌కి ఫోన్ చేసి అడుగుదామా?"

బయటికి వస్తుంటే ఫోను మోగింది. నాంచారమ్మ, ఆ అన్నదమ్ముల తల్లి. ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. "పెద్దోణ్ణయినా ఇంటికి తోలుకొత్తావా అమ్మా?" అని అడిగింది.

"తీసుకొస్తానమ్మా," అంది ఉషశ్రీ. ఆ మాట నిలబెట్టుకోకపోతే ఇక తాను ఈ ఉద్యోగమే కాదు, ఏ ఉద్యోగానికీ పనికిరానని ఆమెకు తెలుసు.

* * *

మర్నాడు మాల్ పై అంతస్తులో చిన్న స్క్రీను. జనం పల్చగా ఉన్నారు. సబ్ టైటిల్స్ చదువుకుంటూ చూసే సినిమాకి మన ఊళ్లో ఎవరొస్తారు? వచ్చినవాళ్లలో ప్రతి ఒక్కరి మీదా ఉషశ్రీకి అనుమానమే. పాప్‌కార్న్ తింటున్నవాడు ఎందుకు తింటున్నాడు? తినని వాడు ఎందుకు తినడం లేదు?

నేత చీర, చేతిలో హ్యాండ్‌బ్యాగు, చెవికి జూకాలు. ఆ జూకాలో చిన్న స్పీకరూ మైకూ, చీఫ్ గొంతు అందులోంచే వస్తుంది, ఈమె మాట ఆయనకి చేరుతుంది. పక్కన ఇస్త్రీ చొక్కాలో పెద్దబ్బాయి బిగుసుకుపోయి నడుస్తున్నాడు. అడిగితే బాబాయి అని చెప్పాలి. టికెట్ల ప్రకారం అతనిది హెచ్ నైన్, ఆమెది హెచ్ టెన్. ఉషశ్రీ వంగి హెచ్ నైన్ తడమబోతోంది.

"బాబూ, కాస్త సీటు మారతావా నాయనా?"

డెబ్బై ఏళ్ల పెద్దావిడ. కాళ్లు ఈడ్చుకుంటూ, కోడలి భుజం పట్టుకుని వస్తోంది. "నాదేమో ఆ చివర్న, మా కోడలిది ఇక్కడ హెచ్ ఎయిటు. నాకా ఇంగ్లీషు రాదు, మా రావమ్మ పక్కనుంటే చదివి చెబుతుంది. పుణ్యముంటుంది, నువ్వటు వెళ్లి కూర్చో."

ఉషశ్రీ నోరు తెరిచేలోపే పెద్దబ్బాయి పక్కకి జరిగాడు. "దానికేముందండి, రండి రండి," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టి, వరస మొదట్లో ఉన్న హెచ్ వన్‌కి వెళ్లిపోయాడు. సముద్రమ్మీద మొండివాడే గానీ, పెద్దావిడ అడిగితే కాదనడం అతనికి చేతకాదు. చేతనైనవాళ్లు ఈ జిల్లాలో ఎంతమంది ఉంటారు లెండి.

మొదట ఉషశ్రీ గుండె జల్లుమంది. తర్వాత, ఇదీ మంచిదే అనుకుంది. సుస్మిత బుక్ చేసిన సీట్లో లేకపోవడమే మేలు. వెంటనే వెళ్లి హెచ్ వన్ వీపూ అడుగూ అంతా తడిమి చూసింది. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని వచ్చి హెచ్ టెన్‌లో కూర్చుంది.

తన మనిషి కూర్చున్న సీటు చూసుకుంది గానీ, పెద్దావిడ కూర్చున్న సీటు చూడాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"నా పేరు సంపూర్ణమ్మ. మాది కంకిపాడు," అంది పెద్దావిడ, అడక్కుండానే. "దెయ్యం సినిమా ఎక్కడొచ్చినా వదలను. భాష రాకపోతే ఏం? దెయ్యానికి భాషేమిటి!"

లైట్లు ఆరిపోయాయి.

సినిమాలో మంచు తప్ప ఏమీ లేదు. అడవి మధ్య ఒక ఇల్లు. తల్లి, కళ్లు కనబడని కూతురు. మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. మాటలన్నీ గుసగుసలే. నిశ్శబ్దంలో హాల్లో ఎవరో చిప్స్ ప్యాకెట్ తెరిస్తే అందరూ ఉలిక్కిపడ్డారు. రావమ్మ స్కూలు టీచరు, సబ్ టైటిల్స్ చదివి అత్తగారి చెవిలో చెబుతోంది. "మేడ మీదికి వెళ్లొద్దంటోంది అత్తయ్యా."

"వెళ్తుంది చూడు," అంది సంపూర్ణమ్మ.

ఉషశ్రీ తెర వైపు చూడకుండా జనం వైపు చూడటానికి ఎంత ప్రయత్నించినా, మధ్య మధ్య కళ్లు అటే పోతున్నాయి. ఒళ్లంతా చెమట. పెద్దావిడ అది కనిపెట్టింది.

"భయమా అమ్మాయ్? ఇటివ్వు, నా చెయ్యి పట్టుకో."

ఆ చెయ్యి వెచ్చగా, గాజులతో గరుకుగా ఉంది. సిగ్గుపడుతూనే ఉషశ్రీ పట్టుకుంది. పట్టుకున్నాక కాస్త ధైర్యం వచ్చింది.

ఒంటరిగా వచ్చిన మగవాళ్లు ముగ్గురు. జీ వరసలో ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకున్నవాడు. సీ వరసలో టోపీ ముఖం మీదికి లాక్కుని నిద్రపోతున్నవాడు. సినిమా మొదలయ్యాక వచ్చి ఎఫ్ వరస చివర కూర్చున్న, బంగారు రంగు ఫ్రేమ్ కళ్లద్దాల పెద్దమనిషి. ముగ్గురిలో ఎవరికీ గడ్డం లేదు. పెద్దబ్బాయి చూసినవాడికి గడ్డముంది. డీ వరసలో సుస్మిత సెంటు వాసన ఇక్కడిదాకా వస్తోంది.

తెర మీద పిల్ల తలుపు గడియ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే ఇంటర్వెల్ పడింది.

ఆ సినిమా తీసినవాడు ఇంటర్వెల్ అనేది ఒకటుంటుందని కలలో కూడా అనుకుని ఉండడు. మనవాళ్లు మాత్రం సమోసాలు అమ్ముకోవాలి గనుక ఎక్కడో ఒకచోట కత్తిరించాల్సిందే. హాలంతా "హబ్బా" అంది.

"అత్తయ్యా, బయటికి వస్తారా?"

"ఈ మోకాళ్లతో లేచి మళ్లీ కూర్చోవడం నావల్ల కాదే తల్లీ. నాకు పాప్‌కార్న్ పట్రా," అంది సంపూర్ణమ్మ.

* * *

పాప్‌కార్న్ క్యూలో ఉషశ్రీ ముందు సుస్మిత నిలబడి ఉంది. నల్ల చీర, వెనక్కి తిరగలేదు.

"మీవాణ్ణి సీట్లోంచి లేవనివ్వకు," అంది పెదవులు కదలకుండా.

"ఎందుకు?"

"హెచ్ నైన్‌లో సూది ఉంది. బస్సులో పెట్టిందే. సినిమా మొదలయ్యాక డైరెక్టర్ ఆన్ చేశాడు. ఇప్పుడు బరువు లేస్తే చాలు, సూది దిగుతుంది. లేవకపోయినా, ఆ పిల్ల మేడ తలుపు తీసి అరుస్తుంది చూడు, ఆ అరుపులో వాడే బటన్ నొక్కుతాడు. పక్కవాళ్లకి మూలుగు కూడా వినబడదు."

ఉషశ్రీ క్యూలో ఒక అడుగు ముందుకు జరిగింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. "నీకెలా తెలుసు?"

"ఇప్పుడే మెసేజ్ వచ్చింది. అరుపు అయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంటాడట. ముఖం నాకు తెలీదు ఉషా. ఆ మెషీన్ మాత్రం తెలుసు, వాళ్ల ట్రైనింగులో చూశాను. కారు తాళం లాంటి రిమోట్. రెండు బటన్లు. పైది నొక్కితే ఆగిపోతుంది, కిందది నొక్కితే దిగుతుంది."

"టికెట్లు బుక్ చేసింది నువ్వు."

"అవును. నా ఫోన్ వాళ్లు చూస్తున్నారని నాకిప్పుడే తెలిసింది." సుస్మిత మొదటిసారి సగం వెనక్కి తిరిగింది. "నమ్మకపోతే నీ ఇష్టం."

నమ్మాలా? ఇదంతా నాటకమైతే? ఈ మాట వినగానే తాను పరుగెత్తి పెద్దబ్బాయి దగ్గరికి వెళ్తే, మన సాక్షి ఎవరో ముఠాకి వేలెత్తి చూపించినట్టే. అలా పరుగెత్తించడానికే చెబుతోందేమో. సీటు మారిన సంగతి సుస్మితకు తెలియదు. ఉషశ్రీ చెప్పలేదు.

హాల్లోకి వచ్చి, జూకా కింద పడేసుకున్నట్టు నటించి హెచ్ నైన్ వెనక వంగింది. కుట్టు సందులోంచి, ఆవగింజంత ఎర్ర లైటు వెలుగుతోంది.

సుస్మిత చెప్పింది నిజమే.

"అత్తయ్యా, ఒక్కసారి లేవండి, నేను లోపలికి వెళ్తాను." పాప్‌కార్న్ డబ్బాలతో రావమ్మ అవతలి వైపు నుంచి వచ్చి నిలబడింది. సంపూర్ణమ్మ చేతులు సీటుకి ఆనించి లేవబోయింది.

"వద్దండీ!" ఉషశ్రీ ఆవిడ రెండు భుజాలూ పట్టి కిందికి అదిమింది. నలుగురూ తిరిగి చూశారు. "మోకాళ్లు కదా... మీరు కదలకండి. రావమ్మగారూ, ఆవిడ కాళ్ల ముందు నుంచి రండి."

"బంగారు తల్లి," అంది సంపూర్ణమ్మ కోడలితో. "ఈ కాలంలో ఇంత మంచి పిల్లలున్నారటే!"

ఆ మాటకి ఉషశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతవరకూ ఒక తల్లికి ఇచ్చిన మాటే బరువు. ఇప్పుడు, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంకో తల్లి ప్రాణం అడ్డం పెట్టినట్టయింది.

వరస మొదట్లో పెద్దబ్బాయి చూస్తూనే ఉన్నాడు. వెళ్లి అతని చెవిలో రెండు ముక్కల్లో చెప్పింది.

"నా సీటండి అది," అన్నాడతను వెంటనే. "నా చావు ఆవిడకెందుకండి? లేపండి, నేను కూకుంటాను."

"లేపితేనే దిగుతుందయ్యా."

అతను తలపట్టుకున్నాడు. "మా తమ్ముడికీ ఇట్టాగే చేశారా?" అన్నాడు. ఒంటరిగా వచ్చిన ఆ ముగ్గురినీ మళ్లీ చూసి, "ఈ ముగ్గుర్లో ఎవడో చెప్పలేనండి. మసక చీకటి, గడ్డం... నావల్ల కావట్లేదు," అన్నాడు. ఏడుపు ఆపుకోవడానికి పళ్లు బిగపట్టాడు.

జూకాలో చీఫ్. "సినిమా ఆపించనా?"

"వద్దు సర్. ఆగితే వాడికి తెలిసిపోతుంది, బటన్ వాడి చేతిలోనే ఉంది. మనవాళ్లను తలుపు బయటే ఉంచండి."

లైట్లు ఆరాయి. తెర మీద తలుపు తెరుచుకుంది. లోపల మెట్లు. పిల్ల తడుముకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది.

ఉషశ్రీ చీకట్లో నిలబడి ఆలోచించింది. ముగ్గురిలో ఒకడు. అడిగితే చెప్పడు. ఏం అడిగితే తెలుస్తుంది? మన ఊళ్లో సీటు మారమని ఎవరైనా అడిగితే తిట్టుకుంటాం, గొణుక్కుంటాం, చివరికి లేస్తాం. పెద్దావిడ అంటే తప్పకుండా లేస్తాం. కానీ హెచ్ నైన్‌లో ఏముందో తెలిసినవాడు మాత్రం చచ్చినా అందులో కూర్చోడు.

ఆమె చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, వంగి, జీ వరసలోకి వెళ్లింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మా అత్తగారికి అక్కడ ఏసీ నెత్తి మీదే కొడుతోందండీ. కాస్త మీరు హెచ్ నైన్‌లో కూర్చుని, ఆవిడకి ఇది ఇస్తారా?"

ల్యాప్‌టాప్ మనిషి ముఖం చిట్లించాడు. "సినిమా మధ్యలో ఇదేం గోలమ్మా? ముందే చూసుకోవాలి కదా?" అంటూనే బ్యాగు తగిలించుకుని లేచాడు. "పదండి, ఎక్కడ?"

"వద్దులెండి, ఇప్పుడే కునుకు పట్టినట్టుంది."

"లేవమంటారు, వద్దంటారు! ఆటలుగా ఉందా?" అని విసుక్కుంటూ మళ్లీ కూర్చున్నాడు.

"సగం మెట్లెక్కేసింది అత్తయ్యా," అంటోంది వెనక రావమ్మ.

సీ వరసలో టోపీవాడు తట్టి లేపితే తుళ్లిపడ్డాడు. విషయం విన్నాక, "ఏదైతే ఏంటండీ, నేను ఇంట్లో ఏసీ లేక ఇక్కడికి నిద్రపోడానికే వచ్చాను," అని దిండులా పెట్టుకున్న జర్కిన్ తీసుకుని బయల్దేరాడు. అతన్నీ బతిమాలి కూర్చోబెట్టింది.

ఇక మిగిలింది ఎఫ్ వరస పెద్దమనిషి. పెద్దబ్బాయి చప్పుడు చేయకుండా వచ్చి అతని వెనక వరసలో నిలబడ్డాడు.

"అయ్యో, తప్పకుండా అమ్మా," అన్నాడు పెద్దమనిషి, విని వినగానే. ఎంత మర్యాద! ఎంత తియ్యటి తెలుగు! అప్పుడే సీట్లోంచి సగం లేచాడు. "పెద్దవాళ్లకి ఆ మాత్రం చేయకపోతే ఎలా? ఏ సీటండీ?"

"హెచ్ నైనండీ."

లేచినవాడు లేచినట్టే మళ్లీ కూర్చున్నాడు.

"హెచ్ నైనా... అక్కడ కూర్చుంటే నాకు మెడ పట్టేస్తుందమ్మా. పోనీ, ఒక పని చేయండి. ఆవిణ్ణి లేపి ఇక్కడికి తీసుకురండి. నేను ఈ మెట్ల మీద కూర్చుంటాను, ఏం ఫర్వాలేదు."

పరుపులాంటి సీటు వద్దని, మెట్ల మీద కూర్చుంటానంటున్నాడు! ఉషశ్రీ అతని కుడిచేతి వైపు చూసింది. మడిచిన గుప్పిట్లో కారు తాళం.

అతను కూడా ఆమె చూపు చూశాడు. సినిమా మొదలైనప్పటినుంచి మొదటిసారి వెనక్కి తిరిగి హెచ్ నైన్ వైపు చూశాడు. పెద్దబ్బాయి ఉండాల్సినచోట ఒక ముసలావిడ పాప్‌కార్న్ నములుతోంది. అతని కళ్లు చిన్నవయ్యాయి. బొటనవేలు కదిలింది.

ఉషశ్రీ ఆ మణికట్టు మీద పడింది. వెనకనుంచి పెద్దబ్బాయి చేయి అతని మెడ చుట్టూ బిగుసుకుంది. నడి సముద్రంలో వల లాగే చేతులవి, వదిలే రకం కాదు. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. తాళం జారి నేల మీద పడింది, ఉషశ్రీ అందుకుంది.

"చంపకు పెద్దబ్బాయ్! బతికుండాలి వాడు!"

తాళం మీద రెండు బటన్లు. తెర మీద పిల్ల ఆఖరి మెట్టు ఎక్కేసింది. ఇక అరిచిందంటే హాలంతా తుళ్లిపడి లేస్తుంది.

"పైది!" సుస్మిత డీ వరస నుంచి చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "పైది నొక్కు ఉషా!"

"ఆమె మాట వినకండి ఉషశ్రీగారూ." గొంతు నులుముతున్నా డైరెక్టర్ మర్యాద తగ్గలేదు. "ఆమె నా మనిషి. పెద్దావిడ బతకాలంటే కింది బటన్ నొక్కండి."

ఉషశ్రీ వేలు రెండు బటన్ల మధ్య ఆగింది. నమ్మొద్దన్నారు చీఫ్. నమ్మొద్దంటున్నాడు వీడు కూడా. ఈ మధ్యాహ్నం ఆమె నమ్మినది ఏదైనా ఉంటే, ఆ ముసలి చెయ్యి ఒక్కటే.

"పిల్ల తలుపు తీస్తోంది అత్తయ్యా!"

సుస్మిత ఒక్క అంగలో హెచ్ వరస చేరింది. సంపూర్ణమ్మ నడుముకీ సీటు మెత్తకీ మధ్య తన అరచెయ్యి దూర్చి, సూది వచ్చేచోట గట్టిగా అదిమి పెట్టింది.

"ఏమిటమ్మాయ్ ఈ చక్కిలిగింతలు!" అంది సంపూర్ణమ్మ.

"నొక్కు ఉషా," అంది సుస్మిత. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "తప్పయితే ముందు నాకే దిగుతుంది."

ఉషశ్రీ పై బటన్ నొక్కింది.

తెర మీద తలుపు తెరుచుకుంది. పిల్ల అరిచింది. గోడలు అదిరిపోయాయి. హాలంతా కెవ్వుమంది. సంపూర్ణమ్మ "అమ్మో!" అంటూ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి, పాప్‌కార్న్ గాల్లోకి చిమ్ముతూ, నిటారుగా లేచి నిలబడింది.

సీటు కదల్లేదు. ఎర్ర లైటు ఆరిపోయింది.

సుస్మిత చెయ్యి వెనక్కి తీసుకుని రెండు వైపులా తిప్పి చూసుకుంది. గీత కూడా లేదు. అక్కడే నేల మీద కూలబడి, మేకప్ సంగతి మరిచిపోయి, పైకే ఏడ్చేసింది. ఉషశ్రీ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఈసారి దేన్నీ తడిమి చూడలేదు.

లైట్లు వెలిగాయి. మఫ్టీలో ఉన్నవాళ్లు వచ్చి పెద్దబ్బాయి చేతుల్లోంచి డైరెక్టర్‌ని బలవంతాన విడిపించాల్సి వచ్చింది. "మా తమ్ముడండి," అంటున్నాడతను, ఎవరు ఏం అడిగినా. "మా తమ్ముడండి." ఉషశ్రీ నాంచారమ్మకి ఫోన్ కలిపి, అతని చెవి దగ్గర పెట్టింది. "అమ్మా, నేనే. వత్తన్నా," అన్నాడు. ఆ తర్వాత అటూ ఇటూ ఏడుపే.

జూకాలో చీఫ్ గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ సుస్మితను నమ్మొచ్చంటావా?"

"సూదికి చెయ్యి అడ్డం పెట్టింది సర్."

"ఊఁ," అన్నారాయన. ఆ శబ్దంలో అనుమానం పూర్తిగా పోలేదు గానీ, ఆయన ఉద్యోగమే అది.

సంకెళ్లు వేసి డైరెక్టర్‌ని నడిపించుకుపోతుంటే, దారికి అడ్డంగా సంపూర్ణమ్మ నిలబడింది. తన సీట్లో ఏముందో ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆవిడ కోపం వేరే.

"ఆగండి నాయనా. మీ కొట్లాటలో పడి క్లైమాక్సంతా పాడుచేశారు. మా కోడలేమో కళ్లు మూసుకుంది. మీరెవరైనా చూశారా? ఆ తలుపు వెనక ఉన్నదెవరు?"

ఎవరూ చూడలేదు. ఉషశ్రీ సుస్మిత వైపు చూసింది, సుస్మిత తల అడ్డంగా ఊపింది. డైరెక్టర్ నిట్టూర్చాడు. మర్యాద అతనికి ఒంటబట్టిపోయినట్టుంది.

"వాళ్లమ్మేనండీ," అన్నాడు. "ఆవిడ మొదటినుంచీ చనిపోయే ఉంది."

"అదే అనుకున్నా!" అంది సంపూర్ణమ్మ కోడలి వైపు తిరిగి. "పొద్దస్తమానం వంట చేస్తుందే గానీ, ఒక్కసారైనా తిన్నదటే?"

ఆ తర్వాత ఎన్నాళ్లు, ఎంతమంది, ఎన్ని రకాలుగా అడిగినా డైరెక్టర్ తన పేరు కూడా చెప్పలేదు. కంకిపాడు నుంచి సంపూర్ణమ్మను పిలిపించి ఇంటరాగేషన్ సెక్షన్‌లో వేసుకుంటే ఎలా ఉంటుందా అని వెంకటకృష్ణారావు సీరియస్‌గానే ఆలోచిస్తున్నారు.